గుండెలోని వాచ్‌మన్

ఉదయము ఆరు దాటినది మొదలు యాప్రాలు వీధులలో నడకకు బయలుదేరువారిలో విశ్రాంత సైనికోద్యోగులు పలువురు కనబడుదురు. సికిందరాబాదు కంటోన్మెంటుకును బొల్లారమునకును చేరువనున్న ఆ ప్రాంతమున ఇండ్లు కట్టుకొని స్థిరపడినవారు వారు. మా మేనమామగారు వారిలో ఒకరు. వయస్సు డెబ్బదినాలుగేండ్లు. నేటికిని నడకలో అడుగు తప్పరు. వార్తల వేళకు రేడియో ముందర కుర్చీ తప్పరు. తప్పినది ఆయన నాడి ఒక్కటే.

మూడేండ్ల క్రిందట రక్తపు పోటు చూపించుకొనుటకు పోయినప్పుడు వైద్యుడు మణికట్టు పట్టుకొని ఎంతసేపటికిని విడువలేదట. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి దూరముగా, నాలుగు గబగబ, మరల ఒక విరామము. మన పూర్వవైద్యులు నాడిని పాము నడకతోను, కప్ప గంతుతోను, హంస గమనముతోను పోల్చి చెప్పిరి. ఈ నాడికి ఆ మూడును చాలవు. ఇ.సి.జి. తీసి చూచి, దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురని చెప్పినారు.

ఇది ఏమో కొంచెము వివరింతుము. హృదయమునకు నాలుగు గదులు. పై రెండును కర్ణికలు, క్రింది రెండును జఠరికలు. పై గదులు ఒక్కసారిగా ముడుచుకొని రక్తమును క్రిందికి దింపవలెను. క్రింది గదులు దానిని ఊపిరితిత్తులకును దేహమంతటికిని పంపవలెను. ఈ వ్యాధిలో పై గదులు ముడుచుకొనుటకు మారుగా, గాలికి రావియాకు అదరునట్లు అదరుచుండును. రక్తము క్రిందికి దిగుట మానదు గాని మూలలలో నిలువయుండిపోవును. ఎడమ కర్ణికకు అంటి బొటనవ్రేలంత తిత్తి ఒకటి కలదు. గర్భస్థ శిశువుగా నున్ననాటి కర్ణికలో మిగిలిన భాగమది. కదలని నీటికి నాచు పట్టునట్లు, ఆ తిత్తిలో నిలిచిన రక్తము గడ్డకట్టును. గడ్డలో ఒక తునక విడివడి మెదడునకు పోయి అక్కడి నాళమును మూసినచో అదియే పక్షవాతము. ఈ నాడీదోషము గలవారికి పక్షవాత భయము ఇతరులకంటె సుమారు అయిదు రెట్లు. కవాటముల జబ్బు లేనివారిలో, ఎడమ కర్ణికలో కనబడు గడ్డలలో నూటికి తొంబది ఈ తిత్తిలోనే యుండునని 1996లో ప్రకటితమైన ఒక పరిశీలన తేల్చినది. ఇప్పుడు మేము చెప్పబోవు చికిత్సకంతకును ఆ లెక్కయే మూలము.

చిరకాలముగా ఉన్న మందు మాత్రము వేరు. రక్తమును పలుచన చేయు మాత్ర అని దానికి వాడుక పేరు. నిజమునకు రక్తము పలుచన కాదు, గడ్డకట్టుట మందగించును. దాని పుట్టుక వినదగినది. 1920 ప్రాంతములలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన క్లోవరు గడ్డి మేసిన పశువులు చిన్న గాయమునకే నెత్తురు కారి చచ్చెడివి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో కార్ల్ పాల్ లింక్, ఆయన సహచరులు ఆ గడ్డిలోని ద్రవ్యమును వేరుచేసిరి. దాని సంతతియైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికెక్కి, 1954లో మనుష్యుల మందైనది! మన దేశమున దాని తోబుట్టువు ఎసిట్రామ్ అను పేర పరిచితము. ఈ మాత్రలు వాడువారు తరచు రక్తపరీక్ష చేయించుకొని, ఐ.ఎన్.ఆర్. అను సంఖ్యను సాధారణముగా రెండుకును మూడుకును నడుమ నుంచుకొనవలెను. తోటకూర, పాలకూర, మునగాకు ఒకనాడు కంచమునిండ తిని వారము దినములు మానినచో ఆ సంఖ్య తలక్రిందులగును. అంతమాత్రమున ఆకుకూరలు మానవలసిన పనిలేదు; నిత్యము ఒకే పాటిగా తినిన చాలును. 2010 మొదలు వచ్చిన దాబిగట్రాన్, అపిక్సబాన్ వంటి క్రొత్త మాత్రలకు ఈ పరీక్షల బెడద లేదు. కాని పాతదైనను క్రొత్తదైనను మాత్ర మాత్రయే. నెత్తురు కారుట మొదలైనచో ఒకంతట ఆగదు.

మామయ్యకు రెండవ యేట అదియే జరిగినది. కడుపులో పుండు నుండి రక్తము కారి, మలము తారువలె నల్లబడి, ఒకనాటి ఉదయము నడకలో కండ్లు తిరిగి కూలబడినారు. ఆసుపత్రిలో రెండు సీసాల రక్తము ఎక్కించిరి. మాత్ర మానినచో పక్షవాతము, మానకున్న రక్తస్రావము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అప్పుడు వైద్యులు తిత్తి నోటిని మూయు ఉపకరణము మాట ఎత్తిరి.

ఆలోచన క్రొత్తది కాదు. అమెరికా శస్త్రవైద్యుడు జాన్ మాడెన్ ఛాతీ తెరచి ఆ తిత్తిని కోసివేసిన సంగతి 1949లోనే ప్రకటించెను. ఛాతీ తెరవకయే, తొడ వద్ద సిర గుండ గొట్టము పంపి మూయుట 2001లో మొదలైనది. వాచ్‌మన్ అను ఉపకరణమునకు అమెరికా ప్రభుత్వ అనుమతి 2015లోను, ఆమ్యులెట్ అనుదానికి 2021లోను లభించినవి. ఈ శోధనలో మనకు పరిచితమైన ఇంటిపేర్లు వినబడుట ముచ్చట గొలుపును. వాచ్‌మన్‌ను వార్ఫరిన్‌తో సరిపోల్చుచు 707 మంది రోగులను పెక్కేండ్లు గమనించిన ఫలితములను 2014లో ప్రకటించిన వైద్యబృందమునకు అగ్రణి వివేక్ రెడ్డి గారు. రెండు ఉపకరణములను 1,878 మందిలో పోల్చి చూచి 2021లో ప్రకటించిన బృందమునకు అగ్రణి ధనుంజయ లక్కిరెడ్డి గారు. ఆమ్యులెట్ అనగా తాయెత్తు. ఆ మాట మేము చెప్పగానే మా అత్తయ్య, "అయితే ఆ తాయెత్తే కట్టించండి, వాచ్‌మన్ అయితే రాత్రిళ్లు నిద్రపోతాడు" అన్నది. వైద్యులు తిత్తి ఆకారము చూచి వాచ్‌మన్‌నే ఎంచుకొనిరి.

ఆ వస్తువు చిన్న గొడుగు వంటిది. నికెలు, టైటానియము కలిపిన నిటినాల్ అను లోహపు చట్రము. దాని ముఖమున పాలియెస్టరు గుడ్డ. ఈ లోహపు విచిత్రమేమనగా, సన్నని గొట్టములో ముడిచిపెట్టినను వెలుపలికి రాగానే తన తొలి ఆకారమును తాను జ్ఞప్తికి తెచ్చుకొని విచ్చుకొనును. తొడ సిర నుండి కుడి కర్ణికకును, అచ్చట గదుల నడుమ గోడకు చిన్న రంధ్రము చేసి ఎడమ కర్ణికకును గొట్టము చేర్చి, తిత్తి నోట గొడుగు విప్పుదురు. సన్నని కొక్కెములు దానిని పట్టి నిలుపును. వాచ్‌మన్ పలు కొలతలలో దొరకును. బ్యాటరీ లేదు, తీగలు లేవు. పేస్‌మేకరు వలె నాడిని నడపదు. కావలివాడని పేరే గాని వాడు కాపలా కాయడు, తలుపు మూసి అచ్చటనే నిలిచిపోవును.

అపాయము లేని పని మాత్రము కాదు. గుండె చుట్టు రక్తము చేరుట, ఉపకరణము జారుట వంటివి కలుగవచ్చును. అమెరికాలో 38 వేల పైచిలుకు చికిత్సల లెక్క 2020లో ప్రకటించినప్పుడు, ఆసుపత్రిలో నుండగా పెద్ద ఉపద్రవములు కలిగినవారు నూటికి ఇద్దరు. మామయ్య ఈ సంఖ్యను విని, "సరిహద్దులో ఇంతకంటే ఎక్కువే చూశాం" అని సంతకము పెట్టినారు. మరునాడే ఇంటికి వచ్చినారు.

అసలు కథ ఇంటికి వచ్చిన పిదప మొదలైనది. తొడ వద్ద గాయము మానువరకు కొన్ని దినములు బరువులెత్తరాదు. నీళ్ల బిందె మొదలు మనుమని వరకు ఏదియు ఎత్తరాదు. అది సులభము. కఠినమైనది మాత్రల సంగతి. గొడుగు గుడ్డపై మన దేహపు సన్నని పొర క్రమముగా పెరిగి కప్పవలెను. కప్పువరకు ఆ గుడ్డ మీదనే గడ్డకట్టు భయము కలదు. అందుచే పెక్కుమందికి సుమారు 45 దినములు గడ్డకట్టనీయని మాత్రను కొనసాగించి, గొంతు గుండ గొట్టము దింపి తీయు ఎకోలో తిత్తి మూసికొన్నదని తేలిన తరువాత, ఆరు నెలల వరకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఆపై ఆస్పిరిన్ మాత్రము ఇత్తురు. రక్తస్రావ భయము మెండుగా నున్నవారికి వరుస మార్చుదురు. ఎవరి వరుస వారి వైద్యుడు నిర్ణయించునదే గాని పొరుగువాని చీటి చూచి అనుసరించునది కాదు.

ఇరువదియవ దినము మేము చూడబోయినప్పుడు మామయ్య మహోత్సాహముగా నుండిరి. "అల్లుడూ, లోపల వాచ్‌మన్ కూర్చున్నాడు గదా, ఇంకా ఈ మాత్రలెందుకోయ్?" అన్నారు. "మామయ్యా, డాక్టరుగారిని అడగకుండా మానకండి" అని మేము హాస్యముగానే చెప్పి వచ్చితిమి. అది మా తప్పు. గట్టిగా చెప్పవలసినది. వారము తరువాత అత్తయ్య మాత్రల అట్టను లెక్కించి, నాలుగు దినముల మాత్రలు అట్లే యుండుట కనిపెట్టినది. ఒకసారి నెత్తురు కారి కూలబడిన మనిషికి ఆ మాత్ర అనగా భయము. ఆ భయమును నవ్వు వెనుక దాచుకొనెనే గాని మాతో చెప్పలేదు. వెంటనే వైద్యునికి ఫోను చేసి మరల మొదలుపెట్టించితిమి.

నలువదియైదవ దినపు ఎకోలో తిత్తి చక్కగా మూసికొనియున్నది. కాని గొడుగు ముఖముపై చిన్న గడ్డ కనబడినది. ఈ ఉపకరణము గలవారిలో నూటికి ముగ్గురు నలుగురికి ఇట్లు గడ్డ ఏర్పడునని చెప్పుదురు. మానిన ఆ నాలుగు దినముల వలననే అని వైద్యులు అనలేదు, కాదనియు అనలేదు. మరి మూడు నెలలు ఆ మాత్రయే, కడుపును కాపాడు మాత్రతో కూడ, వాడవలెనన్నారు. ఆ మూడు నెలలు అత్తయ్య ప్రతిదినము మలము రంగు అడుగుచు, మామయ్య విసుగుకొనుచు గడపిరి. తరువాతి ఎకోలో గడ్డ లేదు.

మాకు వచ్చిన ప్రశ్నలలో కొన్నింటికి ఇచ్చటనే సమాధానము చెప్పుదుము. ఈ ఉపకరణము గలవారు రేడియో, సెల్‌ఫోను, ఇంటి యంత్రములు నిస్సంకోచముగా వాడవచ్చును. ఎం.ఆర్.ఐ. పరీక్షయు సాధ్యమే, అయితే ఆసుపత్రి ఇచ్చిన కార్డును ముందుగా చూపవలెను. పన్ను తీయించుకొనుటకు పోయినను ఆ కార్డు వెంటనుండవలెను. మోకాళ్ల నొప్పికి అంగడి మాత్రలు కొని మ్రింగుట, ఆస్పిరిన్ వాడువారికి ముఖ్యముగా, కడుపునకు చేటు.

మరి యొక సంగతి. మన దేశమున చిన్ననాటి గొంతునొప్పి, కీళ్ల జ్వరముల వలన మిట్రల్ కవాటము చెడి, దాని వలన ఇదే నాడీదోషము తెచ్చుకొన్నవారు, అందును స్త్రీలు, ఎందరో కలరు. వారి గడ్డలు తిత్తిలోనే పుట్టునను నియమము లేదు. కాబట్టి ఈ గొడుగు వారికి ఉద్దిష్టము కాదు. వారికి క్రొత్త మాత్రకంటె పాత వార్ఫరిన్ జాతి మాత్రయే మేలని, మన దేశపు వైద్యులును ముఖ్యముగా పాల్గొన్న ఒక పెద్ద పరీక్ష 2022లో తేల్చినది. మా వీధిలో కూరగాయలమ్ము ఒకామె మామయ్య కథ విని తన మాత్ర మానదలచినదని అత్తయ్య చెప్పినప్పుడు మేము నిజముగా భయపడితిమి. అత్తయ్య ఆమెను తానే వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయినది.

తిత్తి మూసినను పక్షవాతము వచ్చు త్రోవలు మరికొన్ని మిగిలియే యుండును. మెడలోని నాళములు పూడవచ్చును, రక్తపు పోటు హెచ్చవచ్చును. పోటు మాత్ర, చక్కెర మాత్ర యథాప్రకారమే. మూతి ఒక ప్రక్కకు లాగినను, ఒక చేయి పైకెత్తలేకున్నను, మాట ముద్దగా వచ్చినను గడియారము చూచి వెంటనే కదలవలెను. గడ్డను కరగించు సూదిమందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇత్తురు. ఏ మాత్రలు వాడుచున్నారో అప్పుడు తప్పక చెప్పవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవకు కేంద్రము ఈ మేడ్చల్ దారిలోనే, దేవరయాంజాలులో వెలసినది. యాప్రాలు వారికి అది పొరుగూరే.

మొన్నటి ఆదివారము మేము పోయినప్పుడు రిఫ్రిజిరేటరు తలుపుపై రెండు కాగితములు అంటించియున్నవి. ఒకదానిపై మాత్రల వేళలు. రెండవదానిపై అత్తయ్య చేతివ్రాతలో పెద్ద అక్షరములతో 108. మామయ్య మణికట్టు మా చేతికిచ్చి, "ఏదీ, లెక్కపెట్టు అల్లుడూ" అన్నారు. రెండు దగ్గరగా, ఒకటి దూరముగా, నాలుగు గబగబ. నాడి అట్లే యున్నది. దానిని దిద్దుట ఆ గొడుగు పని కాదు. మేము ముప్పదియారు వరకు లెక్కించునంతలో రేడియోలో వార్తలు మొదలైనవి, ఆయన చేయి లాగుకొన్నారు.