రాతిని పిండిచేయు విద్య

ఓరుగల్లును పూర్వులు ఏకశిలానగరమనిరి. కోటలోని ఒంటిబండను చూచినవారికి ఆ పేరునకు కారణము చెప్పనక్కరలేదు. రాతిపనివారు పెద్దబండను ఒక్క దెబ్బతో పగులగొట్టబోరు. వరుసగా గుంటలు తొలిచి, వానిలో ఇనుపచీలలు దిగగొట్టి, అది తనంతట చీలునట్లు చేయుదురు. మూత్రాశయమున పెరిగిన రాతిపై నేటి వైద్యులు చూపు నేర్పును ఇట్టిదే: పెద్ద గాయము చేయక, లోపలనే రాతిని ముక్కలు చేయుట.

రాయి ఏల పుట్టును? మూత్రము పూర్తిగా వెలువడక నిలిచినచో అందలి లవణములు పేరుకొని గట్టిపడును. వృద్ధులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారికి అడ్డుపడుట ముఖ్యకారణము. పేదపిల్లలలో పాలు మొదలగు పుష్టికరాహారము కొరవడుటయు, త్రాగునీరు చాలకపోవుటయు హేతువులు.

మన ప్రాచీనులు ఈ వ్యాధిని అశ్మరి యనిరి. సుశ్రుతుడు దీనికి శస్త్రచికిత్సను వివరించెను. కాని దానిని చివరి ఉపాయముగానే చెప్పెను. మత్తుమందు లేని కాలమున ఆ కోత ఎంత దారుణమో ఊహింపవచ్చును.

1824లో పారిస్ నగరమున సివియాల్ అను వైద్యుడు కోత లేకుండ, మూత్రమార్గమున పనిముట్టును పంపి రాతిని నలుగగొట్టెను. 1878లో బోస్టను వైద్యుడు బిగెలో ఒక్క పర్యాయములోనే రాతిని పిండిచేసి, ఆ పొడిని నీటితో వెలికి లాగు పద్ధతిని తెచ్చెను. 1880 దశకమున ఇండోరులో కీగన్ అను వైద్యుడు దానిని చిన్నబాలురకును వర్తింపజేసెను.

నేడు సన్నని దర్శినితో లోపలి రాతిని కన్నులార చూచుచు, లేజరు కిరణముతో గాని గాలి ఒత్తిడితో నడచు సాధనముతో గాని పగులగొట్టుదురు. రాయి మిక్కిలి పెద్దదైనచో మూత్రమార్గమున పనిముట్లు చాలసేపు తిరుగవలసివచ్చును. అందువలన ఆ మార్గము గాయపడి, పిదప ఇరుకగుటయు కలదు. అట్టివారికి పొత్తికడుపు క్రిందిభాగమున సుమారు 1 సెంటీమీటరు రంధ్రము చేసి, గొట్టము దించి, ముక్కలను తీయుదురు. మార్గము సన్నమైన బాలురకు ఇది అనుకూలము. అయినను, కొన్ని రాళ్ళకు నేటికిని పెద్దకోతయే శరణ్యము. రాతిని తీసి కారణమును విడిచినచో రాయి మరల పుట్టును.

1959లో వరంగల్లున కాకతీయ వైద్యకళాశాల నెలకొన్నది. మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల దానికి బోధనాలయము. వైద్యము ఎంత చేరువైనను, కత్తి భయముచేత రోగి ఆలసించినచో గోళీయంత రాయి నిమ్మకాయంత యగును. మూత్రపిండములు చెడుటకును అవకాశము కలదు.

ఇచట ఉపాధ్యాయుల బాధ్యత కొంత కలదు. మాటిమాటికి బయటికి పోవ సెలవడుగు బాలుని పాఠము తప్పించుకొనువాడని గద్దింపరాదు. మూత్రధార నడుమ హఠాత్తుగా ఆగుట, చివర నొప్పి, రక్తము కనబడుట రాతికి గురుతులు. మరుగుదొడ్డి లేదని నీరు త్రాగుట మానిన బాలికలును తరగతిలో నుందురు. వారి కూజాలో నీరును, వారి కొక మరుగును కల్పించిన పాఠశాల, ఏ శస్త్రమును పట్టకయే వైద్యునికి తోడ్పడినదగును.