హకీంపేట ఆకాశంలో పోలండ్ 'నిప్పురవ్వ'.. మన ఫైటర్ పైలట్లకు జెట్ నేర్పిన ఇస్క్రా కథ ఇదీ!

ఇస్క్రా ట్రైనర్ జెట్: దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగితే ఏ వైపు చూసినా కోచింగ్ సెంటర్ బోర్డులే. ఎస్సై, బ్యాంక్, గ్రూప్స్‌తో పాటు ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ అవ్వాలని ఎన్‌డీఏ, ఆఫ్‌క్యాట్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లూ ఉంటారు. వాళ్లందరి కల ఒకటే.. ఫైటర్ జెట్ నడపాలి. కానీ సెలెక్ట్ అయిన కుర్రాడిని తీసుకెళ్లి నేరుగా సుఖోయ్‌లోనో, రాఫెల్‌లోనో కూర్చోబెట్టరు. ముందు నడపాల్సింది ట్రైనర్ విమానం. ఒకప్పుడు మన హైదరాబాద్‌లో ఆ పని చేసిన జెట్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? పోలండ్ నుంచి!

ఏంటీ ఇస్క్రా?

పూర్తి పేరు టీఎస్-11 ఇస్క్రా. పోలిష్ భాషలో ఇస్క్రా అంటే నిప్పురవ్వ. టీఎస్ అంటే డిజైనర్ తదెవుష్ సోల్తిక్ పేరులోని మొదటి అక్షరాలు. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన దేశం పోలండ్. అలాంటి దేశానికి జునాక్, బియెస్ అనే ప్రొపెల్లర్ ట్రైనర్లు తయారు చేసిచ్చింది ఈయనే. ఆ తర్వాత చేసిన ఇస్క్రా 1960 ఫిబ్రవరి 5న తొలిసారి గాల్లోకి లేచింది. పోలండ్ సొంతంగా డిజైన్ చేసుకున్న మొదటి జెట్ ఇదే.

పోటీలో ఓడింది.. అయినా ఆగలేదు

అప్పట్లో సోవియట్ కూటమి దేశాలన్నీ ఒకే రకం ట్రైనర్ జెట్ వాడాలనుకున్నాయి. 1961లో పోటీ పెట్టారు. సోవియట్ యాక్-30, చెకోస్లొవేకియా ఎల్-29 డెల్ఫిన్, పోలండ్ ఇస్క్రా బరిలో నిలిచాయి. గెలిచింది డెల్ఫిన్. మిగతా దేశాలు దాన్నే తీసుకున్నాయి. పోలండ్ మాత్రం "మా విమానం మాకే" అని ఇస్క్రాని సొంతంగా తయారు చేసుకుంది. 1987 వరకు 400కు పైగా తయారయ్యాయి. కానీ పోటీలో ఓడిపోవడంతో బయట కొనేవాళ్లు లేకుండా పోయారు. పోలండ్ కాకుండా ఇస్క్రాని వాడిన ఒకే ఒక్క వైమానిక దళం.. మనదే!

డిజైన్‌లో స్పెషల్ ఏంటి?

ఇస్క్రాని పక్క నుంచి చూస్తే తోక భాగం సన్నగా, పైకి ఎత్తినట్టు ఉంటుంది. ఇంజిన్ పైలట్ల సీట్ల వెనుక, పొట్ట భాగంలో ఉంటుంది. వేడి గాలి తోక చివరి దాకా వెళ్లకుండా, తోక కిందుగానే బయటికి వచ్చేస్తుంది. దీంతో పొడవాటి గొట్టం అవసరం లేదు, ఆ మేరకు శక్తి వృథా కాదు. తోక రెక్కలకు వేడి సెగ కూడా తగలదు.

ఇక సీట్ల సంగతి. ఇస్క్రాలో స్టూడెంట్ ముందు, ఇన్‌స్ట్రక్టర్ వెనుక కూర్చుంటారు. అదే మన హెచ్‌ఏఎల్ తయారు చేసిన కిరణ్ జెట్‌లో అయితే ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. పక్కన కూర్చుంటే గురువు స్టూడెంట్ చేతులు గమనిస్తూ ఈజీగా నేర్పొచ్చు. ముందూ వెనకా అయితే స్టూడెంట్‌కు తానొక్కడే నడుపుతున్న ఫీలింగ్ వస్తుంది. రేపు ఫైటర్ జెట్‌లో ఉండేది అదే కదా! అందుకే ఏ పద్ధతికి ఆ పద్ధతిలో లాభం ఉంది.

హైదరాబాద్‌తో లింక్ ఇదీ

1970ల మధ్యలో భారత్ 50 ఇస్క్రాలు కొంది. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఫైటర్ పైలట్ల ట్రైనింగ్‌కు వీటిని వాడారు. 1990ల్లో ఇంకో 26 వచ్చాయి. ఉత్పత్తి అప్పటికే ఆగిపోయింది కాబట్టి ఇవి కొత్తవి కావు, పోలండ్‌లో వాడినవే. చివరికి 2004 డిసెంబర్ 16న ఇస్క్రాలు మన దగ్గర రిటైర్ అయ్యాయి. ఈ మధ్యలో 7 విమానాలు కూలిపోయాయి.

ట్రైనర్ బాగోకపోతే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు మెదక్ జిల్లానే సమాధానం. 2009 జులై 31న అక్కడ హెచ్‌పీటీ-32 దీపక్ ట్రైనర్ కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయారు. కొత్తగా చేరిన క్యాడెట్లు మొదట నేర్చుకునేది దీని మీదే. గాల్లో ఇంజిన్ ఆగిపోవడం దీనికున్న పెద్ద సమస్య. పైగా ఎజెక్షన్ సీటు లేదు. అంటే బటన్ నొక్కితే సీటుతో సహా బయటపడే అవకాశమే లేదు. మొత్తంగా దీపక్ ప్రమాదాల్లో 19 మంది పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘటన తర్వాత దీపక్‌లను పక్కన పెట్టేశారు.

వాటి స్థానంలో 2012లో స్విట్జర్లాండ్ కంపెనీ పిలాటస్‌తో 75 పీసీ-7 మార్క్-2 విమానాలకు ఒప్పందం కుదిరింది. 2013 మే నుంచి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఇవి ఎగురుతున్నాయి. వీటికి ఎజెక్షన్ సీట్లు ఉన్నాయి. అయినా రిస్క్ పూర్తిగా పోలేదు. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర ఒక పిలాటస్ కూలి ఇద్దరు పైలట్లు మృతి చెందారు.

సొంతంగా చేసుకోలేమా?

చేసుకోవచ్చు, కానీ టైం పడుతుంది. కిరణ్‌కి బదులుగా హెచ్‌ఏఎల్ మొదలుపెట్టిన హెచ్‌జేటీ-36 2003లోనే తొలిసారి ఎగిరింది. విమానం గింగిరాలు తిరిగే స్పిన్ నుంచి బయటపడే విషయంలో ఇబ్బందులు రావడంతో ఏళ్ల తరబడి ఆగింది. పోలండ్‌కూ ఇదే అనుభవం. ఇస్క్రా తర్వాత తెచ్చిన ఇరిడా ప్రమాదాల మధ్య మూలనపడింది. చివరికి వాళ్లు ఇటలీ నుంచి ఎం-346 జెట్లు కొనుక్కున్నారు. మన దగ్గర హెచ్‌ఏఎల్ డిజైన్ చేసిన హెచ్‌టీటీ-40 మాత్రం నిలదొక్కుకుంది. 2016లో తొలిసారి ఎగిరిన ఈ ట్రైనర్ల కోసం 2023 మార్చిలో 70 విమానాలకు కాంట్రాక్ట్ కుదిరింది.

పైలట్ అవ్వాలనుకుంటున్నారా?

* ఎన్‌డీఏ ద్వారా అయితే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి.
* డిగ్రీ తర్వాత అయితే ఆఫ్‌క్యాట్. ఏడాదికి రెండుసార్లు నోటిఫికేషన్ వస్తుంది. దీనికీ ఇంటర్ స్థాయిలో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి.
* పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ జీవితంలో ఒక్కసారే. అందులో ఫెయిలైతే ఫ్లయింగ్ బ్రాంచ్ తలుపులు మూసుకున్నట్టే. కాబట్టి పూర్తిగా ప్రిపేర్ అయ్యాకే వెళ్లండి.

సెలెక్ట్ అయితే మొదట దుండిగల్‌లో పిలాటస్. ఫైటర్స్‌కు ఎంపికైతే తర్వాత హకీంపేటలో కిరణ్, ఆపై బీదర్‌లో హాక్ జెట్. అంటే ఎల్బీనగర్ కుర్రాడి ఫైటర్ పైలట్ కలకి మొదటి రన్‌వే ఔటర్ రింగ్ రోడ్డుకు అవతలి చివరే ఉంది. ఒకప్పుడు పక్క రన్‌వే మీదే ఇస్క్రాలు పరుగెత్తాయి!