ఆఫీసుకెళ్లే కారుతో కొండెక్కా!

‘హిల్ క్లైంబ్’ అనగానే మీకు ఫోన్‌లో ఆడే గేమే గుర్తొస్తుంది కదూ? నాకూ రెండేళ్ల కిందటి దాకా అంతే తెలుసు. కొండ, కారు, మధ్యలో పెట్రోలు అయిపోవడం. అసలు ఆటలో పెట్రోలు అయిపోదు. అయిపోయేది టైమే. నాకైతే మొదటిసారి 46.81 సెకన్లు పట్టింది.

నేను ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మాది మార్కాపురం దగ్గర. నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఎక్కువ కాలం శ్రీశైలం సర్వీసే. దోర్నాల దాటాక ఘాట్‌లో ఆయన వెనక సీట్లో కూర్చుని పెరిగాను. అందుకేనేమో వంపు తిరిగే రోడ్డంటే నాకు పిచ్చి. నా కారు సెకండ్ హ్యాండ్ సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్. 1.6 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 134 హార్స్‌పవర్. మన ఊళ్లలో ట్యాక్సీగా తిరిగే స్విఫ్ట్‌కి కాస్త జిమ్ చేసిన అన్నయ్య అనుకోండి. కూరగాయలకీ అదే, ఆఫీసుకీ అదే.

ఒక ఆదివారం ఫ్రెండ్‌తో కలిసి షెల్స్‌లీ వాల్ష్ అనే చోటికి ఊరికే చూద్దామని వెళ్లాను. వూస్టర్‌షైర్‌లో పొలాల మధ్య ఒక కొండ దారి. పొడవు వెయ్యి గజాలు, అంటే 914 మీటర్లు. ఆ కాస్త దూరంలోనే దాదాపు వంద మీటర్ల ఎత్తు ఎక్కాలి. 1905 ఆగస్టులో ఇక్కడ తొలి పోటీ జరిగింది. అప్పుడు అందరికంటే వేగంగా ఎక్కిన డైమ్లర్ కారుకు 77.6 సెకన్లు పట్టింది. ఇప్పుడు ఈ పోటీ కోసమే తయారుచేసిన సింగిల్ సీటర్లు 23 సెకన్ల లోపే పైకి చేరుతున్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు ఆగింది గానీ, దారి మాత్రం అదే.

అది ఇంతకాలం బతకడానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు బ్రిటన్‌లో ఇలాంటి పోటీలు మామూలు రోడ్ల మీదే జరిగేవి. 1925లో కాప్ హిల్ అనేచోట ఒక ప్రేక్షకుడి కాలు విరిగింది. దాంతో పబ్లిక్ రోడ్ల మీద పోటీలకు అనుమతులు ఆపేశారు. షెల్స్‌లీది ప్రైవేటు దారి కాబట్టి బతికి బట్టకట్టింది.

ఆ రోజు నన్ను పడేసింది సింగిల్ సీటర్లు కాదు. వాటికి ముందు వరసగా ఎక్కిన మామూలు కార్లు. ఫియస్టాలు, మాజ్డాలు, ఒక పాత గోల్ఫ్. డ్రైవర్లు వాటిలోనే ఇంటి నుంచి వచ్చారు, వాటిలోనే ఇంటికి పోతారు. వెనక సీట్లో పిల్లల చైల్డ్ సీటు పట్టీలు కూడా కనిపించాయి. ‘వీళ్లు చేయగా లేనిది నేను చేయలేనా?’ అనిపించింది. తర్వాత తెలిసింది, ఆ ఫియస్టా ఆయనకు పదిహేనేళ్ల అనుభవమని!

మొదలుపెట్టడం నిజంగానే కష్టం కాదు. ఒక మోటార్ క్లబ్బులో చేరాను. బ్రిటన్‌లో ఈ ఆటను చూసే మోటార్‌స్పోర్ట్ యూకే వాళ్ల దగ్గర క్లబ్ స్థాయి లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసుకున్నాను, పైసా ఖర్చు కాలేదు. ఖర్చంతా ఒంటి మీదే. మోటార్‌సైకిల్ హెల్మెట్ పనికిరాదు, కారు పోటీలకు ఆమోదించిన రకమే కావాలి. మంటలు అంటుకోని సూటు, గ్లోవ్స్. అన్నీ కలిపి నాకు 450 పౌండ్ల దాకా అయింది. ఎంట్రీ ఫీజు 150 పౌండ్లకు దగ్గర్లో. కారుకు మాత్రం దాదాపు ఏమీ పెట్టలేదు. ముందు వైపు ఒక నల్లటి నిలువు పట్టీ బిగించాలి, అది టైమింగ్ లైటు కిరణాన్ని తెంపుతుంది. లాగడానికి కొక్కెం ఎక్కడుందో, ఇగ్నిషన్ ఎటు తిప్పితే ఆగుతుందో బయటివాళ్లకు తెలిసేలా గుర్తులు పెట్టాలి. బ్యాటరీ ఎర్త్ వైరుకు పసుపు టేపు చుట్టాలి. అంతే.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. మీ మామూలు కారు ఇన్సూరెన్సు ఆ కొండ మీద పనిచేయదు. గుద్దితే నష్టం మీదే. నాకున్నది ఒకటే కారు. దాని మీద ఇంకా ఏడు నెలల లోను ఉంది.

పోటీ రోజు పొద్దున తనిఖీ. స్క్రూటినీర్ అనే పెద్దాయన కారు చుట్టూ తిరిగి, బ్యాటరీ కదిపి చూసి, లోపలికి తల పెట్టాడు. డ్యాష్‌బోర్డు మీద అమ్మ పంపిన చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ. డబుల్ టేపుతో అంటించి ఉంది. “ఇది ఊడితే?” అన్నాడు. కారులో వదులుగా ఏమీ ఉండకూడదు. మ్యాట్లు, నీళ్ల బాటిల్, ఫోన్ హోల్డరు, చివరికి స్వామి కూడా దిగాల్సి వచ్చింది. పక్క స్లాట్‌లో ఎంజీ కారుతో వచ్చిన తాతగారి భార్య ఆయన్ని తన టీ ఫ్లాస్కు పక్కన భద్రంగా పెట్టుకుంది.

అమ్మ ఫోన్‌లో “టైర్ల కింద నిమ్మకాయలు పెట్టావా?” అని అడిగింది. స్టార్ట్ లైను దగ్గర మార్షల్ వచ్చి నా వెనక టైరు కింద ఒక చెక్క దిమ్మ పెట్టాడు, కారు కిందికి జారకుండా. పెట్టారమ్మా అనుకున్నాను.

ఇక్కడ గమ్మత్తేమిటంటే, గ్రీన్ లైటు పడగానే దూకక్కర్లేదు. అది ‘ఇక నీ ఇష్టం’ అని చెప్పడమే. మీరు కదిలి కిరణాన్ని తెంపినప్పుడే గడియారం మొదలవుతుంది. గుండె దడ తగ్గేదాకా కాసేపు ఆగొచ్చు. నేను ఆగలేదు. క్లచ్ వదిలేశాను. ఎత్తులో బరువంతా వెనక్కి పోతుంది, నాది ముందు చక్రాలతో నడిచే కారు. అవి గిర్రున తిరిగాయి, పొగ వచ్చింది, కారు మాత్రం రాలేదు. 46.81.

రెండో ప్రాక్టీసులో ఆ లోటు తీర్చుకుందామనుకున్నా. షెల్స్‌లీలో పై భాగాన ‘ఎస్’ వంపులు ఉంటాయి, ఒకటి తిరగ్గానే రెండోది ఎదురు తిరుగుతుంది. మొదటి దాంట్లోకి మరీ వేగంగా వెళ్లాను. భయమేసి సగం వంపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. చేయకూడని పని అదే. బరువు ఒక్కసారి ముందుకొచ్చి వెనక చక్రాలు పట్టు వదిలేశాయి. కారు అడ్డం తిరిగి గడ్డిలోకి దూసుకుపోయింది. ఆగినప్పుడు అద్దంలోంచి మట్టి గట్టు కనిపించింది. మీటరు దూరం కూడా లేదు. ఇంజిన్ ఆగిపోయింది. ఎర్ర జెండా ఊపుతున్నారు. నా బుర్రలో ఒకటే లెక్క: ఏడు నెలల ఈఎంఐ, సోమవారం పొద్దున్న ఆఫీసు.

కిందికొచ్చాక సామాను సర్దేద్దామనుకున్నాను. ఎంజీ తాతగారు ఏమీ ఓదార్చలేదు. “రా, పైన నిలబడదాం” అని ఎస్ వంపుల పక్కన గట్టు మీదికి తీసుకెళ్లాడు. “చూడకు, విను” అన్నాడు. అరగంట విన్నాం. వేగంగా వెళ్లేవాళ్ల ఇంజిన్ శబ్దం నేననుకున్న దానికంటే ముందే తగ్గుతోంది. కానీ వంపు మధ్యలోనే మళ్లీ మొదలై, ఇక ఆగట్లేదు. నాలాంటి కొత్తవాళ్లది ఆలస్యంగా తగ్గి, మధ్యలో తడబడి, రెండో వంపు దాటాక గానీ లేవట్లేదు. పొద్దున దారంతా నడిచినప్పుడు నేను చేసిందల్లా ఫోన్‌లో వీడియో తీసుకోవడమే.

మధ్యాహ్నం మొదటి పోటీ రన్: 44.12. ముందే బ్రేక్ వేశాను, నెమ్మదిగా వెళ్తున్నానేమో అనిపించింది, స్కోరు చూస్తే రెండున్నర సెకన్లు తగ్గింది. రెండోది 43.35. మా క్లాసులో ఏడుగురిలో ఆరో స్థానం. పైన ఇంజిన్ ఆపి కూర్చుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి. 1930లో హాన్స్ స్టుక్ అనే ఆయన ఆస్ట్రో డైమ్లర్‌లో ఇదే కొండను 42.8 సెకన్లలో ఎక్కాడు. అప్పటి టైర్లతో, అప్పటి బ్రేకులతో. ఆయన్ని ఇంకా అందుకోలేదు నేను.

ఇది చదివి ఎవరైనా రాత్రిపూట మన ఘాట్ రోడ్డెక్కి స్టాప్‌వాచ్ నొక్కితే మాత్రం తిట్టేది మొదట నేనే. అది మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద నేరం, ఎదురుగా ఏ బస్సు వస్తుందో తెలీదు. ఆ బస్సు మా నాన్నది కూడా అయి ఉండొచ్చు ఒకప్పుడు. మన దేశంలో సరదా తీర్చుకోవాలంటే ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి ఉన్న ఆటోక్రాస్‌లు, ట్రాక్ ఈవెంట్లు చూసుకోండి.

నాన్నకు ఆ రాత్రి వీడియో పంపాను, గడ్డిలోకి వెళ్లింది తప్ప. ఆయన ఫోన్ చేసి ముందు అడిగింది, “నలభై మూడు సెకన్ల కోసం అంత డబ్బు కట్టావంట్రా?”

కట్టానన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆ రెండో వంపు ముందు థర్డ్‌లోకి ఎందుకు మార్చావు? సెకండ్‌లోనే లాగించాల్సింది. బండి ఏడ్చింది అక్కడ, వినపడలా?”

పెట్టేశాక వీడియో మళ్లీ చూశాను, ఈసారి కళ్లు మూసుకుని. నిజమే. వచ్చే నెల ఎంట్రీ ఫారం నింపేశాను. సెకండ్‌లోనే ఉంచి చూస్తా.