మార్పు చేసిన కారు - చెడిన మరమ్మతు

కంపెనీనుండి వచ్చిన కారు కడవరకు అదే రూపములో నుండవలెనని లేదు. పెట్రోలు ఖర్చునకు వెఱచి గ్యాసు కిట్టు పెట్టించుకొన్నవారు మనలో ననేకులు కలరు. కాళ్లు స్వాధీనములో లేనివారు బ్రేకును, యాక్సిలరేటరును చేతితో నడుపునట్లు మార్పించుకొందురు. ఇట్టి కారును డీలరు వర్కుషాపునకు మరమ్మతునకై పంపినప్పుడు, అది వెళ్లిననాటికంటె చెడి తిరిగివచ్చినచో, యజమాని చెవిని బడు మొదటిమాట సాధారణముగా నొక్కటే: "బండిలో మీరు మార్పులు చేయించినారు, ఇక మా పూచీ లేదు." ఈ మాట విని మారుపలుకక రెండవ బిల్లు కూడ చెల్లించి ఇంటికి వచ్చువారే ఎక్కువ. ఆ మాటలో నిజమెంత, తప్పించుకొనుట ఎంత అను విషయమును విచారింతము.

ఈ వాదములో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసి యున్నవి. మార్పు చట్టసమ్మతమా యనునది మొదటిది. కంపెనీ వారంటీ నిలుచునా యనునది రెండవది. చేసిన పనిని వర్కుషాపువారు జాగ్రత్తగా చేసిరా యనునది మూడవది. మొదటి రెండింటికి వచ్చు సమాధానమును మూడవదానికి అంటగట్టుటలోనే చిక్కంతయు నున్నది.

మొదటి ప్రశ్నకు 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను సమాధానము చెప్పుచున్నది. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీ నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని దాని సారము. 2019 జనవరి 9వ తేదీన సుప్రీంకోర్టు కూడ ఇట్లే తీర్పు చెప్పినది. అదే యేట చట్టమునకు జరిగిన సవరణ ప్రకారము, అనుమతిలేని మార్పు చేయించిన యజమానికి ఆరుమాసములవరకు ఖైదుగాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అయితే ఆమోదము పొందిన గ్యాసు కిట్టును, వికలాంగుల సౌకర్యార్థము అనుమతితో చేయు మార్పును చట్టము నిషేధింపలేదు. ఇట్టి మార్పును రవాణా కార్యాలయములో రిజిస్ట్రేషను పత్రముపై వ్రాయించుకొనవలెను. బీమా కంపెనీకి తెలుపవలెను. ఈ రెండు కాగితములు లేనివాని వాదము మొదటి మెట్టుననే తడబడును.

రెండవదియగు వారంటీ, తయారీలోని లోపమును ఉచితముగా సరిచేయుదుమని కంపెనీ ఇచ్చు వాగ్దానము. ఏ మార్పువలన అది ఎంతవరకు రద్దగునో వారంటీ పుస్తకములో వ్రాసియుండును. దానిని చదివి చూచుకొనవలెను. కాని మీరు డబ్బిచ్చి చేయించుకొన్న మరమ్మతు ఆ వాగ్దానములోనిది కాదు. అది మీకును వర్కుషాపునకును మధ్య జరిగిన మరియొక ఒప్పందము. కారు వారంటీ ముగిసి పదేండ్లయినను ఆ ఒప్పందపు బాధ్యత తగ్గదు.

ఇక మూడవ ప్రశ్న. 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 151వ సెక్షను ప్రకారము, ఒకరి వస్తువును తన వశము చేసికొన్నవాడు, వివేకముగలవాడు తన సొంత వస్తువునెడ ఎట్టి శ్రద్ధ చూపునో అట్టి శ్రద్ధ దానియెడ చూపవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, డబ్బు పుచ్చుకొని చేసిన పనిలోని కొఱతను సేవాలోపముగా పరిగణించుచున్నది. కారులో మార్పు కలదని తెలిసియు పనికి ఒప్పుకొన్నవారు ఈ శ్రద్ధనుండి విముక్తులు కాజాలరు. తమకు తెలియని అమరిక యైనచో "ఈ భాగమును మేము ముట్టము" అని ముందుగనే వ్రాసి యిచ్చుట వారికిని క్షేమము, మనకును క్షేమము.

ఒక ఉదాహరణము తీసికొందము. గ్యాసు కిట్టు అమర్చిన పెట్రోలు కారొకటి రేడియేటరు మార్చుటకై వర్కుషాపునకు పోయిన దనుకొనుడు. వెనుక సిలిండరులో గ్యాసు వాతావరణ పీడనమునకు రమారమి 200 రెట్ల ఒత్తిడిలో నుండును. దానిని తగ్గించి ఇంజనుకు పంపు సాధనము రెడ్యూసరు. ఒత్తిడి హఠాత్తుగా తగ్గునప్పుడు గ్యాసు మిక్కిలి చల్లబడును. రెడ్యూసరు గడ్డకట్టకుండుటకై, ఇంజనునుండి వచ్చు వేడి కూలెంటును రెండు రబ్బరు గొట్టములద్వారా దానిలో ప్రవహింపజేయుదురు. కావున రేడియేటరు పనిచేయువారు కూలెంటును దించి, మరల నింపునపుడు గొట్టములలో గాలి మిగులకుండ తీసివేయవలెను. విప్పిన ప్రతి క్లిప్పును బిగింపవలెను. గాలి మిగిలినచో రెడ్యూసరు చల్లబడి, గ్యాసుమీద నడచునప్పుడు ఇంజను ఆగిపోవుచుండును. క్లిప్పు వదులైనచో కూలెంటు కారిపోయి ఇంజను కాగిపోవును. హెడ్ గాస్కెట్టు చెడును.

కారు వర్కుషాపు దాటిన మరునాడే ఇంజను కాగినది. "గ్యాసు వేడికి ఇంజను కాలినది" అని వర్కుషాపువారు చెప్పిరి. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నది ఈ మాట. గ్యాసు పొడిగా మండుటచే వాల్వులు కూర్చుండు చోటు అరుగుట యనునది కొన్ని ఇంజనులలో నిజమే. కాని అది బహుకాలముమీద మెల్లమెల్లగా జరుగునది. ఇంజను బలము క్రమముగా తగ్గుటయే దాని గుర్తు. ఒక్కరోజులో కూలెంటు ఖాళీయగుట అట్టిది కాదు. కారిన చోట మరక యుండును. ఆ మరక వర్కుషాపువారు విప్పిన కీలుకడనే యున్నచో కారణమేదో అదియే చెప్పును. అట్లుగాక, గ్యాసు కిట్టు అమర్చినవారు వేసిన పాత ప్లాస్టిక్ కీలు దానంతట అది పగిలియున్నచో, తప్పు వర్కుషాపుమీద మోపుట న్యాయము కాదు. అడుగవలసిన ప్రశ్న "మార్పు ఉన్నదా?" అని కాదు, "ఈ నష్టము దేనివలన కలిగినది?" అని.

ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు సాక్ష్యము కావలెను. దానిని నష్టము జరుగుటకు పూర్వమే సమకూర్చుకొనవలెను. కారు అప్పగించునపుడు మార్పు విషయమును దాచకుడు. "గ్యాసు కిట్టు కలదు" అని జాబ్ కార్డుమీద వ్రాయించి ప్రతి తీసికొనుడు. కిలోమీటర్ల అంకెను, ఇంజను గదిని ఫోటోలు తీసియుంచుడు. మూడేండ్ల కొకసారి జరుగవలసిన గ్యాసు సిలిండరు పరీక్ష పత్రమును దగ్గర నుంచుకొనుడు. మార్చిన పాత భాగములను తిరిగి యిమ్మని అప్పుడే చెప్పుడు.

చెడిన కారు తిరిగి వచ్చినచో వెంటనే నడుపుట మానవలెను. ముల్లు ఎఱ్ఱగీత దాటిన తరువాతను నడిపినచో ఆపై జరిగిన నష్టము మీ తలమీదికే వచ్చును. గ్యాసు వాసన తగిలినను, బ్రేకు మెత్తబడినను ఇది డబ్బు తగవు కాదు, ప్రాణముల విషయము. బండిని ట్రక్కుమీద తరలింపవలసినదే. మరియొక మెకానిక్కుచేత విప్పించుటకు తొందరపడరాదు. విప్పినచో మరకయు, వదులు క్లిప్పును రూపుమాయును. మొదట ఫోటోలు తీసి, లోపమేమో, ఏ తేదీని కనబడినదో, ఏమి కోరుచున్నారో డీలరునకు వ్రాతమూలముగా తెలుపుడు. గడువు పెట్టి, ఒక ప్రతిని కారు కంపెనీకిని పంపుడు. నోటిమాటకు సాక్షి యుండడు.

బిల్లు చెల్లించనిదే బండి ఇయ్యమని వర్కుషాపువారు పట్టుపట్టవచ్చును. ఒప్పందము ప్రకారము పని చేసినవానికి, కూలి ముట్టువరకు వస్తువును ఆపుకొను హక్కును కాంట్రాక్టు చట్టములోని 170వ సెక్షను ఇచ్చుచున్నది. పని సరిగా జరిగినదా యనుటే వివాదమైనప్పుడు, కౌంటరువద్ద కలహించుటకంటె, "ఆక్షేపణతో చెల్లించితిని" అని బిల్లుమీద వ్రాసి, రసీదు పుచ్చుకొని బండిని విడిపించుకొనుట మేలు.

డీలరు బదులు చెప్పనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నంబరునకు ఫోను చేయవచ్చును. అటుపిమ్మట జిల్లా వినియోగదారుల కమిషను కలదు. మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. మరమ్మతునకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. వివాదకారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. నోటీసు అందిన పిదప డీలరు 30 దినములలోను, కమిషను అనుమతించినచో మరి 15 దినములలోను బదులు చెప్పవలెను. సొంత జీవనోపాధికై ఒక టాక్సీ నడుపుకొనువాడు కూడ చట్టము దృష్టిలో వినియోగదారుడే.

కాని ఒక విషయము మరువరాదు. సేవాలోపమును నిరూపించు భారము ఫిర్యాదు చేసినవానిదేయని 2021లో సుప్రీంకోర్టు చెప్పినది. అందుచేత కమిషనుకు పోవుటకు ముందే, ఆ డీలరుతో సంబంధములేని ఇంజనీరుచేత గాని, నిపుణుడైన మెకానిక్కుచేత గాని బండిని పరీక్ష చేయించి, కారణమును వ్రాయించుకొనవలెను. పరీక్షకు రమ్మని డీలరునకు ముందు తెలిపినచో ఆ నివేదికకు బలము హెచ్చు. కోరు పరిహారము కూడ లెక్కకు నిలువవలెను: చెడిన మరమ్మతు బిల్లు, సరిచేయుటకైన ఖర్చు, బండి లేనన్నాళ్ల ప్రయాణపు రసీదులు.

చట్టవిరుద్ధమైన సైలెన్సరు బిగించినవానికి శిక్ష వేయుటకు ప్రభుత్వము కలదు. బిగింపని క్లిప్పునకు ఆ సైలెన్సరు సంజాయిషీ కాజాలదు. అట్లే తన మార్పువలన కలిగిన నష్టమును పనివానిమీదికి నెట్టుటయు యజమానికి ధర్మము కాదు. చేతితో బ్రేకు వేసి నడుపుకొను మనిషికి కారు విలాసవస్తువు కాదు, ఆయన కాళ్లు. ఆ కడ్డీయొక్క మేకును వర్కుషాపులో విప్పి మరల సరిగా బిగింపనిచో, "ఇది కంపెనీ సామాను కాదు" అను మాట ఆయనను రోడ్డుమీద కాపాడదు. విప్పినవారే బిగింపవలెను, బిగించితిమని సంతకము చేసినవారే దానికి జవాబు చెప్పవలెను.