శస్త్రచికిత్సకు ముందు రక్తవృద్ధి

రక్తము క్షీణించి దేహము పాలిపోవు పాండురోగమునకు చరకసంహిత చికిత్సాస్థానములో 16వ అధ్యాయము ప్రత్యేకముగా కేటాయింపబడినది. రక్తబలము లేని శరీరము శస్త్రమునకు తట్టుకొనుట కష్టము. ప్రోస్టేటు గ్రంథి చుట్టును సిరలు దట్టముగా అల్లుకొని యుండును గనుక, క్యాన్సరుకై ఆ గ్రంథిని తొలగించునప్పుడు రక్తస్రావమునకు అవకాశము గలదు. అందుచే ఆపరేషను నిశ్చయమైన నాటినుండియే రక్తము సంగతి చూచుకొనవలెను.

మా బావగారికి 67వ ఏట ఈ శస్త్రచికిత్స నిర్ణయించినప్పుడు హిమోగ్లోబిన్ 10 గ్రాములే యున్నది. పురుషులకు 13 గ్రాములకు తగ్గినచో రక్తహీనతయే. మా అక్కయ్య వెంటనే బీట్‌రూటు రసము మొదలుపెట్టినది. "ఎర్రనివన్నీ రక్తము పట్టించవు అక్కయ్యా, ముందు కారణము తెలిసికొందము" అంటిని.

ఇనుము లోపించుట ఒక్కటే కారణము కాదు. పురుష హార్మోనును తగ్గించు ఇంజక్షన్ల వలన, మూత్రపిండముల వ్యాధి వలన, శాకాహారులలో బి12 లోపము వలన కూడ రక్తము తగ్గును. అట్టివారికి ఇనుము ఎంత ఇచ్చినను ఫలితముండదు. ఫెరిటిన్, బి12 పరీక్షలు చేయించగా బావగారిది ఇనుము లోపమేనని తేలినది. ఇనుము ఎందువలన తగ్గినదో కూడ డాక్టరుగారు విచారించిరి.

డాక్టరుగారు వ్రాసిన ఇనుము మాత్రలకు తోడుగా మేము పాటించిన ఆహారక్రమము ఇది:

• మునగాకు లేక తోటకూర పప్పు, దించిన పిదప నిమ్మరసము పిండి. పులుపులోని సి విటమిను ఇనుమును ఒంటబట్టించును.
• ఉసిరికాయ పచ్చడి, జామపండు.
• నువ్వులు, ఖర్జూరములు. మధుమేహమున్నవారు ఖర్జూరములు మితముగా తినవలెను.
• కాఫీ, టీలు భోజనమునకు గంట ముందును, గంట తరువాతను నిషిద్ధము.

ఆరు వారములలో హిమోగ్లోబిన్ 12.4 గ్రాములకు పెరిగినది. ఆపరేషనులో రక్తమెక్కించు అవసరము కలుగలేదు.

పాఠకులు గమనింపవలసిన హెచ్చరికలు కొన్ని గలవు. ఎర్రకణములు తయారగుటకు కాలము పట్టును; వ్యవధి తక్కువైనచో ఇనుమును నరము ద్వారా ఎక్కింతురు. లోహాసవము, మండూరభస్మము వంటివి ఇనుముతో కూడినవే గనుక, మాత్రలతోపాటు స్వంతముగా సేవింపరాదు. వెల్లుల్లి గుళికలు, ఇతర మూలికా ఔషధములు కొన్ని రక్తము గడ్డకట్టుటను ఆలస్యము చేయును; వాడుచున్నవన్నియు మత్తు డాక్టరుకు ముందే తెలిపి, వారు చెప్పినప్పుడు మానవలెను. రక్తము పెరుగవలెనని ఆపరేషను తేదీని మాత్రము మీయంతట మీరు వాయిదా వేయకుడు.