మలుపులో కారు గరగరమంటోందా? షెడ్డుకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

కారు నేరుగా పోతే ఏ గొడవా ఉండదు. గల్లీ మలుపులో స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాల వైపు నుంచి గరగర, లేదంటే టకటక. సెకండ్ హ్యాండ్ కారు కొన్న ఇళ్లలో ఇది చాలామందికి తెలిసిన బాధే. షెడ్డుకి తీసుకెళ్లి "భాయ్, ఆవాజ్ ఆరీ" అని ఒక్క ముక్క చెప్పి తాళాలు ఇచ్చేస్తాం. సాయంత్రానికి స్టీరింగ్ రాక్ పోయిందనో, సస్పెన్షన్ మొత్తం మార్చాలనో లెక్క తయారవుతుంది. నిజానికి పోయింది ఒక రబ్బరు బూటు కావచ్చు, డిస్క్ వెనక ఇరుక్కున్న చిన్న కంకర రాయి కూడా కావచ్చు. శబ్దం ఎప్పుడు వస్తోందో మనం సరిగ్గా చెప్పగలిగితే మెకానిక్‌కి పని తేలిక, మనకి ఖర్చు తక్కువ.

ముందుగా ఒక ఖాళీ మైదానం చూసుకోండి. పిల్లల్ని ఇంట్లో వదిలేసి, పాట ఆపేసి, అద్దాలు దించి, స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. తర్వాత రెండో వైపు. బండి కదలకుండా నిలబెట్టి కూడా ఒకసారి స్టీరింగ్ తిప్పి వినండి. ఇంట్లో ఇంకొకరు బయట నిలబడి వింటే ఏ చక్రం దగ్గరో ఇంకా బాగా తెలుస్తుంది.

మెల్లగా తిరిగేటప్పుడు టక్ టక్ అని లెక్కపెట్టినట్టు వస్తూ, వేగం పెంచితే ఆ టకటక కూడా పెరుగుతుంటే అనుమానం సివి జాయింట్ మీదే. ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకు అందించే యాక్సిల్ చివర ఇది ఉంటుంది. దీని మీద మడతలు మడతలుగా రబ్బరు బూటు, లోపల గ్రీజు ఉంటాయి. బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ నీళ్లూ లోపలికి పోతాయి, ఇనుము ఇనుమును అరగదీస్తుంది. చూడటం చాలా సులువు. స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిప్పి బండి ఆపి, ఫోన్ టార్చ్‌తో చక్రం వెనక చూడండి. బూటు చిరిగి, రిమ్ లోపలి వైపు నల్లటి గ్రీజు చల్లినట్టు కనిపిస్తే దొరికినట్టే. ఎక్కువగా ఎడమకు తిప్పినప్పుడు శబ్దం వస్తే కుడి జాయింట్, కుడికి తిప్పినప్పుడు వస్తే ఎడమ జాయింట్.

ఇక్కడే డబ్బుల సంగతి. చిరుగు కనిపించినా శబ్దం ఇంకా మొదలవ్వకపోతే, జాయింట్ కడిగి కొత్త గ్రీజు పెట్టి బూటు మార్చితే చాలు. అది వందల్లో పని. టకటక మొదలయ్యాక కొత్త గ్రీజు పెట్టినా అరిగిన ఇనుము తిరిగి రాదు, జాయింట్ లేదా యాక్సిల్ మార్చాల్సిందే. అప్పుడు వేలల్లోకి పోతుంది. సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ బూట్లు చూడమని ఒక మాట అడగటానికి ఖర్చేమీ లేదు కదా.

ఒక విషయం గుర్తుంచుకోండి. ఇన్నోవా క్రిస్టా, బొలెరో లాంటివి వెనక చక్రాలతో నడిచే బండ్లు. ఫోర్ బై ఫోర్ కాకపోతే వాటి ముందు చక్రాలకు ఈ యాక్సిలే ఉండదు. ఎవరైనా ముందు సివి జాయింట్ పోయిందంటే చూపించమని అడగండి. అలాగే స్విఫ్ట్, వ్యాగన్ఆర్ లాంటి కార్లలో పవర్ స్టీరింగ్ కరెంటు మోటారుతో పనిచేస్తుంది, అందులో ఆయిలే ఉండదు. "పవర్ స్టీరింగ్ ఆయిల్ మార్చాం" అని బిల్లులో రాస్తే ఏం మార్చారో అడగాల్సిందే. ఆయిల్ స్టీరింగ్ ఉన్న బండ్లలో మాత్రం ఆయిల్ తగ్గితే తిప్పినప్పుడు మూలిగినట్టు శబ్దం వస్తుంది. ఆయిల్ పోస్తే సరిపోదు, ఎక్కడ కారుతోందో కూడా వెతికించాలి.

టకటక కాకుండా, వేగంతో పాటు పెరిగే హోరు లాంటి గరగర అయితే వీల్ బేరింగ్ చూడాలి. హైవే మీద పొడుగు మలుపులో కుడికి తిరిగేటప్పుడు హోరు పెరిగితే ఎక్కువగా ఎడమ బేరింగ్, ఎందుకంటే బరువు అటు పడుతుంది. టైరు అరుగుదల వల్ల కూడా ఇలాంటి హోరే వస్తుంది. అందుకే చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి, చేత్తో తిప్పి చూడాలి. చక్రం లూజుగా ఊగినా, తిప్పితే గరగరమన్నా ఆలస్యం చేయొద్దు. దీనికి గ్రీజుతో, అలైన్‌మెంట్‌తో కాలక్షేపం కుదరదు. బాగా అరిగిన బేరింగ్‌తో నలుగురిని ఎక్కించుకుని ఊరు దాటడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. జాకీ పని మాత్రం సమానమైన నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి చేయాలి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి దూరకండి.

మట్టి రోడ్డు మీద పోయొచ్చాకో, టైరు విప్పించాకో ఉన్నట్టుండి గీసినట్టు శబ్దం మొదలైతే కంగారు అక్కర్లేదు. డిస్క్ వెనక ఒక పల్చని రేకు ఉంటుంది. అది వంగి డిస్క్‌కి తగులుతుంది, లేదా మధ్యలో రాయి ఇరుక్కుంటుంది. చక్రం విప్పి రాయి తీసి రేకు సరిచేస్తే అయిపోతుంది. బ్రేక్ తొక్కితే శబ్దం మారిందంటే మాత్రం ప్యాడ్లు చూపించండి. వానలో రాత్రంతా నిలబెట్టిన కారు పొద్దున ఒకటి రెండు బ్రేకుల దాకా గరగరమని ఆగిపోతే అది డిస్క్ మీది తుప్పే.

బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పినా కిర్రుమంటే షాకబ్జర్ పైన ఉండే బేరింగ్ అనుమానించాలి. స్పీడ్ బ్రేకర్ మీద ఢక్ ఢక్ అనడం, స్టీరింగ్ లూజుగా ఉండటం కూడా తోడైతే బాల్ జాయింట్ చూపించండి. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, కాబట్టి ఆ రోజే షెడ్డుకి.

నేను కామర్స్ చదివినవాణ్ణి, బిల్లు చూడనిదే ఊరుకోను. పని మొదలవ్వక ముందే ఏ పార్టు, కంపెనీదా బయటిదా, కూలీ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. మార్చిన పాత పార్టు మీకే ఇవ్వమని ముందే చెప్పండి. డబ్బులు ఇచ్చే ముందు మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రెండు వైపులా పూర్తిగా తిప్పి ఒక రౌండు వేయండి.