క్రీడా వ్యాఖ్యానం – వ్యాఖ్యాతలు

ఆట ఆడేవారిని గురించి మన పత్రికలు పుటలకొద్దీ వ్రాస్తున్నాయి. ఆ ఆటను మనకు చెప్పేవారిని గురించి వ్రాసేది మాత్రం చాల తక్కువ. మైదానం ముఖం ఎన్నడూ చూడని వాడు సైతం ఆట తెలిసినట్లు మాట్లాడగలుగుతున్నాడంటే అది ఎక్కువగా వ్యాఖ్యాత చలవే. అందుచేత ఈ వృత్తి ఎక్కడ పుట్టింది, ఎట్లా నడుస్తుంది, మన భాషలో దానికి గల చిక్కులేమిటి అన్న సంగతులను కొంత వివరించదలచాము.

ఈ విద్య ఆకాశవాణి యుగంలో పుట్టింది. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. మన క్రికెట్టుకు దూరపు చుట్టం వంటిది. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్ నగరంలోని కె.డి.కె.ఎ. రేడియో కేంద్రం వృత్తి క్రీడాకారుల బేస్‌బాల్ పోటీని మొదటిసారి ప్రసారం చేసింది. హెరాల్డ్ ఆర్లిన్ అనే యువకుడు ఆ ఆటను చెప్పాడు. 1939 ఆగస్టు 26న బ్రూక్లిన్‌లో అదే స్థాయి ఆట మొట్టమొదటిసారి టెలివిజన్‌కు ఎక్కింది. వ్యాఖ్యాత రెడ్ బార్బర్. ఉన్నవి రెండే కెమెరాలు. ఆయన ముందు బొమ్మ చూపే పెట్టె లేదు. ఇంటిలోనివారు ఏమి చూస్తున్నారో ఊహించుకొని చెప్పవలసిన స్థితి! వ్యాపార ప్రకటనలు కూడా ఆయన నోటనే. ఈ బార్బర్ రేడియోలో చెప్పేటప్పుడు తన బల్లమీద మూడు నిమిషాల ఇసుక గడియారం ఒకటి పెట్టుకునేవాడు. ఇసుక జారిపోగానే స్కోరు చెప్పి గడియారాన్ని తిరగవేసేవాడు. మధ్యలో వచ్చి కూర్చున్న శ్రోత ఎక్కువసేపు చీకటిలో ఉండకూడదన్నదే ఆయన ఆలోచన. ఇప్పటి వ్యాఖ్యాతలలో కొందరికి అట్టి గడియారాన్ని బహూకరించవచ్చుననిపిస్తుంది.

ఆ రోజులలో మైదానానికి వెళ్లకుండానే ఆట చెప్పే పద్ధతి కూడా ఉండేది. టెలిగ్రాఫు మీద వచ్చే నాలుగు అక్షరాలను చూచి, స్టూడియోలో కూర్చుని, ఆట కళ్లెదుట జరుగుతున్నట్లే వర్ణించేవారు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ 1930వ దశకంలో అయోవా రాష్ట్రపు రేడియోలో ఈ పనే చేశాడు. ఒకనాడు తీగ తెగి వార్త ఆగిపోయిందట. ఆట ఆగిపోయిందని చెప్పలేక, ఆటగాడు బంతిని అటూ ఇటూ పక్కలకు కొడుతూనే ఉన్నాడని నిమిషాల తరబడి చెప్పుకుపోయినట్లు ఆయనే పలుమార్లు నవ్వుతూ చెప్పుకున్నాడు.

మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానానికి ఆద్యుడుగా ఏ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్‌ను చెబుతారు. 1934లో బొంబాయి చతుర్భుజ పోటీలతో ఆయన మొదలుపెట్టారు. మైకును మరొకరితో పంచుకోవడం ఆయనకు గిట్టదు. రోజంతా ఒక్కరే చెప్పేవారు. తెలుగు నేలకు చెందిన విజయనగర రాజకుమారుడు ‘విజ్జీ’ 1936లో భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లి, తరువాతి కాలంలో వ్యాఖ్యాత అయ్యారు. 1959లో బి.బి.సి. కూడా ఆయనను పిలిచింది. ఆయనకు పులుల వేట అలవాటు. ఆ పులులను తుపాకితో కాక తన వ్యాఖ్యానం వినిపించి చంపి ఉంటారని వెస్టిండీస్ ఆటగాడు కన్హాయ్ చమత్కరించినట్లు చెప్పుకుంటారు. మాట ఎక్కువైతే శ్రోతకు పట్టే గతి అదే.

టెలివిజన్‌లో ఈ పని మూడు పాళ్లుగా విడిపోయింది. జరుగుతున్నది జరుగుతున్నట్లు చెప్పేవాడు ఒకడు. అది ఎందుకు అట్లా జరిగిందో విప్పి చెప్పే పాత ఆటగాడు మరొకడు. మూడవవాడు స్టూడియోలో కూర్చునే నిర్వాహకుడు. ఇతని పని సులభమని చూచేవారనుకుంటారు. నిజానికి ఇదే కష్టం. చెవిలో నిర్మాత గొంతు వినిపిస్తూ ఉంటుంది — ఇంకా ఇరవై సెకండ్లు, ఇంకా పది. ఎదుట ఉన్న పాత ఆటగాడు అప్పుడే కథ మొదలుపెడతాడు. అతని మాట తెగినట్లు కనిపించకుండా తెంచి ప్రకటనకు దారి ఇవ్వాలి. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, జవాబు తాను చెప్పకూడదు. ఇక ఆట చెప్పేవాడు నేర్చుకోవలసింది మౌనం. రేడియోలో మౌనం లోపం, టెలివిజన్‌లో అదొక సాధనం. 1950 నుండి 2016 వరకు ఒకే జట్టు ఆటలు చెప్పిన విన్ స్కల్లీ, 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ పాత రికార్డును దాటిన క్షణాన నోరు మెదపక, చాలసేపు జనఘోషనే వినిపించాడు.

మన ఉర్దూ విభాగపు విద్యార్థులు జస్‌దేవ్ సింగ్ పేరు తెలుసుకోవాలి. 1975 ప్రపంచ హాకీ ఫైనల్‌ను కౌలాలంపూరు నుండి దేశానికి వినిపించిన గొంతు అది. ఆయన బడిలో చదివింది ఉర్దూ. హిందీ తరువాత నేర్చుకున్నది. పద్మశ్రీ, పద్మభూషణ్ రెండూ పొందారు.

తెలుగుకు ప్రత్యక్ష వ్యాఖ్యానం కొత్త కాదు. భద్రాచల కల్యాణాన్ని ఆకాశవాణిలో ఉషశ్రీ చెబుతూంటే పల్లెలు పనులు మానుకొని విన్నాయి. అయితే ఆ గొంతులు క్రీడలవైపు మళ్లలేదు. 1975–76లో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం మన పాత మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలకు వచ్చింది. అందులో వచ్చినవి పంటలు, ఆరోగ్యం, చదువు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వెలసిన తరువాత కూడా క్రికెట్ ఇంగ్లీషులోనో హిందీలోనో వినవలసి వచ్చింది. 2018లో ఐ.పి.ఎల్. పోటీలకు తెలుగు వ్యాఖ్యానం, ఆ డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ వారి తెలుగు ఛానెల్ వచ్చాయి. భారత జట్టుకు ఆడిన వెంకటపతిరాజు, వేణుగోపాలరావు వంటివారు మైకు పట్టారు. ప్రాంతీయ భాషల వ్యాఖ్యాతలు చాలమంది మైదానంలో ఉండరు. ముంబయి స్టూడియోలో తెరను చూచి చెబుతారు. రీగన్ కాలపు పద్ధతి కొత్త దుస్తులలో తిరిగి వచ్చిందన్నమాట.

ఇక భాష చిక్కు. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వస్తుంది. తెలుగులో, ఉర్దూలో కూడా, క్రియ చివర వస్తుంది. “ఆఫ్ స్టంపు బయట పడిన బంతిని బ్యాట్స్‌మన్ కవర్స్ దిశగా బలంగా కొట్టాడు” అని పూర్తిచేసేసరికి బంతి హద్దు దాటి, దాన్ని తెచ్చి బౌలర్‌కు ఇచ్చి ఉంటారు. అందుచేత తెలుగు వ్యాఖ్యాత వాక్యాన్ని విరచాలి: “ఆఫ్ స్టంపు బయట... కొట్టాడు... కవర్స్‌లోకి... నాలుగు!” అనాలి. వ్యాకరణం అలుగుతుంది గాని ఆట నిలుస్తుంది. వికెట్, ఓవర్ వంటి పదాలను అనువదించబూనడం వృథా శ్రమ అని మా అభిప్రాయం. అయితే ‘గల్లీ’ అనే స్థానం పేరు వినగానే కొడంగల్ పిల్లవాడికి తోచేది వీధి. స్లిప్పుల పక్కన అని ఒక్క మాట చేర్చితే చాలు. అంత్యప్రాసలు, కేకలు మాత్రం వ్యాఖ్యానం కావు.

మన యాస పనికిరాదన్న సంకోచం మన విద్యార్థులకు ఎక్కువ. కొడంగల్ 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండి, తరువాత మహబూబ్‌నగర్‌లో, 2016 నుండి వికారాబాదులో చేరింది. మన నోట తెలుగు, ఉర్దూ, కన్నడం కలసి ఉండడం ఆ చరిత్ర ఇచ్చినదే. మూడు భాషల శ్రోతల చెవి తెలిసినవాడు మైకుకు బరువు కాడు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు చదివిన హర్షా భోగ్లే 19 ఏళ్లకే ఆకాశవాణిలో చెప్పడం మొదలుపెట్టారు. దేశానికి ఆడిన ఆటగాడు కాకపోయినా 1991–92లో ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఆయనను పిలిచింది.

అభ్యాసానికి ఖర్చు లేదు. టెలివిజన్ శబ్దం తగ్గించి, ఒక ఓవర్ చెప్పి, ఫోనులో రికార్డు చేసి, ఆట చూడని మిత్రుడికి వినిపించాలి. ఎన్ని పరుగులో, ఎటు కొట్టాడో అతడు చెప్పలేకపోతే మళ్లీ మొదలుపెట్టాలి. కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒకటే: ఈ వార్షిక క్రీడోత్సవంలో మైకును అధ్యాపకుల చేతినుండి తప్పించి, ఒక పూట తెలుగు విభాగానికి, ఒక పూట ఉర్దూ విభాగానికి ఇప్పించాలి. పక్కన ఒక ఇసుక గడియారం ఉంటే మరీ మంచిది.